1292 నాటి పారిస్ వీధిలో ఒక పేరు: ప్రాజెక్టు డైరీ

అక్టోబరు

మధ్యయుగ జీవనాన్ని ప్రదర్శించే మా బృందం వచ్చే వేసవికి 13వ శతాబ్దం చివరి నాటి పారిస్ వీధిని ఎంచుకుంది. అందులో నాకు పట్టు దారం తీసి పురిపెట్టే కార్మికురాలి పాత్ర వచ్చింది. బట్టలు, కదుళ్లు, బుట్టలు అంటూ అందరూ వస్తువుల వెంట పడతారు కానీ, పాత్రకు పేరు పెట్టే పనిని మాత్రం ప్రదర్శన ముంగిటి దాకా పట్టించుకోరు. నేను పేరుతోనే మొదలుపెట్టాను, ఎందుకంటే ఆ పేరును చుట్టూ చెక్కిన ఒక చిన్న ముద్రను తయారుచేయాలన్నది నా ఈ ఏటి ప్రాజెక్టు. రాతిలో తవ్విన అక్షరాన్ని తరువాత దిద్దుకోవడానికి వీలుండదు. బృందం నియమం కూడా కఠినమైనదే: పేరులోని ప్రతి భాగానికీ, వీలైతే దాని వర్ణక్రమానికీ, పాత్ర బతికిన కాలానికి చెందిన ఒక పత్రాన్ని ఆధారంగా చూపాలి.

‘మధ్యయుగపు ఫ్రెంచి పేరు’ అన్నప్పుడు మనం దాదాపు వెయ్యేళ్ల కాలాన్నీ, కనీసం రెండు పెద్ద భాషా ప్రాంతాలనూ ఒకే సంచిలో వేస్తున్నామన్న సంగతి పని మొదలుపెట్టగానే తెలిసివస్తుంది. 9వ శతాబ్దం మొదటి పాదంలో పారిస్ పక్కనున్న సెంజెర్మెన్-దె-ప్రే మఠాధిపతి ఇర్మినోన్ తన మఠం భూములనూ, వాటిని సాగుచేసే రైతు కుటుంబాలనూ పిల్లల పేర్లతో సహా నమోదు చేయించాడు. ఆ జాబితాలోని పేర్లు ఎక్కువగా జర్మానిక్ మూలం కలవి, రెండేసి ముక్కలు అతికించి చేసినవి. తండ్రి పేరులో ఒక ముక్క, తల్లి పేరులో ఒక ముక్క తీసి బిడ్డకు పేరు కట్టే ఆచారం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. అంటే ఊరిలో ఎంతమంది ఉంటే దాదాపు అన్ని పేర్లు ఉండేవి. ఆ జాబితా నుంచి ఒక పేరు తెచ్చి 1290ల పారిస్ వీధిలో నిలబెడితే, నాలుగున్నర శతాబ్దాల వెనకటి మనిషిని తెచ్చి నిలబెట్టినట్లే అవుతుంది.

మధ్యలో జరిగిన మార్పు చాలా పెద్దది. 11, 12 శతాబ్దాలలో వాడుకలో ఉన్న పేర్ల సంఖ్య వేగంగా తగ్గిపోయి, కొద్ది పేర్ల చుట్టూ జనమంతా పోగయ్యారు. 1170ల ఆరంభంలో నార్మండీలోని బాయో దగ్గర ఇంగ్లండు యువరాజు హెన్రీ క్రిస్మస్ కొలువు తీర్చినప్పుడు, గిల్లోమ్ అనే పేరుగల ఇద్దరు సామంతులు ఆ పేరు లేనివారెవరూ తమ గదిలో భోంచేయకూడదని మిగిలినవారిని బయటికి పంపేశారనీ, అయినా వందకు పైగా గిల్లోమ్‌లు లోపలే మిగిలారనీ ఆ కాలపు చరిత్రకారుడు రాసిపెట్టాడు. ఆ తరువాత పునీతుల పేర్లు వెల్లువెత్తాయి. 13వ శతాబ్దం ముగిసేనాటికి పురుషులలో జెహాన్ అందరికంటే ముందున్నాడు. నేను వెతకవలసిన పేరు ఈ ఇరుకు కాలానికి చెందినది. అపురూపమైన పేరు దొరికితే దాన్ని మెచ్చుకునే ముందు కాస్త అనుమానించాలని అక్టోబరులోనే నిర్ణయించుకున్నాను.

నవంబరు

ఆధారపత్రం ముందు, పేరు తరువాత అనేది నేను పెట్టుకున్న క్రమం. పారిస్ విషయంలో ఈ క్రమాన్ని పాటించడం సులువు, ఎందుకంటే ఫిలిప్ నాలుగో రాజు కాలపు పన్ను చిట్టాలు మిగిలాయి: 1292 నాటిది ఒకటి, 1296 నుంచి 1300 వరకు ఏటేటివి, ఆపైన 1313 నాటిది. చివరిది రాజు పెద్దకొడుకు లూయీకి వీరపట్టం కట్టిన సందర్భంగా వసూలు చేసిన పన్నుకు సంబంధించినది. 1292 నాటి చిట్టాను ఎర్క్యూల్ జెరో 1837లోనే అచ్చువేశాడు. అందులో 14 వేలకు పైగా పన్నుదారుల పేర్లున్నాయి. చర్చి పరిధుల వారీగా, ఒక్కో వీధిలో ఒక్కో వైపు నడుస్తూ, గుమాస్తా ఇంటింటి పేరూ రాసుకుని, చివర సూలలో, దెనియేలలో కట్టవలసిన మొత్తం వేశాడు. పన్నెండు దెనియేలు ఒక సూ, ఇరవై సూలు ఒక లీవ్రు.

ఈ చిట్టాలను చదవడం మొదలుపెట్టాక ఇతర జాబితాల మీద నాకు ఆసక్తి పోయింది. పేరు పక్కనే వృత్తి, ఆ పక్కనే వీధి, దాని పక్కనే సొమ్ము ఉండడం వల్ల ఎలాంటి మనుషులు ఎలాంటి పేర్లు పెట్టుకున్నారో చూడడానికి వీలవుతుంది. దీనికి పరిమితులూ ఉన్నాయి. పన్ను కట్టేది ఇంటి యజమాని కనుక, భర్త చాటున ఉన్న ఆడవారు చాలావరకు కనిపించరు. సొంతంగా వ్యాపారమో వృత్తిపనో చేసేవారు, వితంతువులు, ఒంటరిగా ఉండేవారు మాత్రమే పేరుతో ప్రత్యక్షమవుతారు. మతాధికారులు, ప్రభువులు ఈ పన్ను పరిధిలోకి రారు. కట్టడానికి ఏమీ లేని నిరుపేదలూ లేరు. అయితే నా పాత్ర సరిగ్గా ఈ చిట్టాకు తగినదే. అంతకు ముందు, 1268 ప్రాంతంలో, పారిస్ నగరాధికారి ఎతియెన్ బువాలో సుమారు వంద వృత్తుల నియమాలను రాయించినప్పుడు, పట్టు దారం పనివారికి రెండు వేర్వేరు సంఘాలు ఉన్నట్లు నమోదైంది: పెద్ద కదుళ్లతో పనిచేసేవారిది ఒకటి, చిన్న కదుళ్లతో పనిచేసేవారిది మరొకటి. ఈ రెండూ స్త్రీల వృత్తులే. కనుక తన పేరు మీద తానే పన్ను కట్టే పట్టు కార్మికురాలు ఊహాజనితమైన పాత్ర కాదు.

చిట్టాలోని ఆడవారి పేర్లను నా పుస్తకంలో ఎక్కించుకుంటూ పోయాను. జెహాన్న, మరీ, ఆలీస్, ఆనేస్, పెరొన్నెల, అమెలీన, ఎమెలీన, ఎదెలీన, ఈజబెల్ వంటివి మళ్లీ మళ్లీ తగులుతాయి. సెదీల, రిష్యూత్ వంటివి అంత తరచుగా కాకపోయినా కనిపిస్తాయి. ఆ కాలంలో పేరు చివరి ‘ఇ’ (e) అక్షరాన్ని మింగేయకుండా తేలికగా పలికేవారు కాబట్టి, తెలుగులో రాసేటప్పుడు అకారాంతంగా రాసుకోవడమే నాకు దగ్గరగా తోస్తోంది.

డిసెంబరు

ఈ నెలంతా ఏరివేతతోనే సరిపోయింది. బృందంలో మిగతావారు సూచించిన పేర్లను కూడా పరీక్షించే పని నా మీదే పడింది.

షాంతాల్ అనే పేరు వినడానికి ఎంత ఫ్రెంచిగా ఉన్నా, అది మొదట ఒక జాగా పేరు. 1572లో పుట్టి 1641లో మరణించిన జాన్ ద షాంతాల్ అనే సన్యాసిని మీది గౌరవంతో ఆ జాగా పేరును ఆడపిల్లలకు పెట్టడం మొదలైంది. అడ్డగీత పెట్టి రెండు పేర్లు కలిపే పద్ధతి కూడా ఆధునికమే. పన్ను చిట్టాలోని మనిషికి ఒకే పేరు ఉంటుంది, దాని వెనక గుర్తుపట్టడానికి ఒక వివరం ఉంటుంది, అంతే. ఇక అక్షరాల నెత్తిన ఉండే ఏటవాలు గీతలు 16వ శతాబ్దపు ముద్రాపకులు ప్రవేశపెట్టినవి. పాత పత్రాల అచ్చుప్రతులలో అవి కనిపిస్తే సంపాదకులు చదువరుల సౌకర్యం కోసం పెట్టినవని అర్థం చేసుకోవాలి. బృందంలో ఒకరు తన పేరు మీద ఆ గీతను బల్లమీద రంగులతో రాసి పెట్టుకున్నారు. దానిని గీకేయించడానికి నేను పడిన పాట్లు వేరే డైరీకి సరిపడా ఉన్నాయి.

ఎస్క్లార్మోంద అనే పేరు కోసం మా బృందంలో నిజంగానే పోరాటం జరిగింది. ఆ పేరు అందమైనదే, ఆ కాలానిదే, కానీ ఆ ఊరిది కాదు. అది దక్షిణాదిన ఆక్సితాన్ భాష మాట్లాడే ప్రాంతపు పేరు. ఉత్తరాది గిల్లోమ్ అక్కడ గిల్హెం అవుతాడు, పియెర్ అక్కడ పెయిరె అవుతాడు. ఆ ప్రాంతపు సామాన్యుల పేర్లు కావాలంటే చూడవలసినది పామియే బిషప్పు జాక్ ఫూర్నియే 1318 నుంచి 1325 వరకు నడిపిన మతవిచారణల రికార్డు. ఈయనే తరువాత 1334లో పన్నెండో బెనెడిక్టు పేరుతో పోపు అయ్యాడు. మోంతాయూ అనే కొండ పల్లెలోని గొర్రెల కాపరులు, ఇల్లాళ్లు, విధవలు ఆ రికార్డులో తమ నోటితో మాట్లాడతారు. అక్కడ రేమోంద్, మెంగార్ద్, ఫాబ్రీస్, గ్రాజీద్ అనే ఆడవారు ఎదురవుతారు. అయితే ఆ రికార్డు లాటిన్‌లో ఉంది. పేరును లాటిన్ రూపం నుంచి ఆ మనిషిని పక్కింటివారు పిలిచిన రూపానికి తెచ్చుకోవడం ఎంతో కొంత ఊహతో కూడిన పని. పారిస్ పన్ను చిట్టా ఫ్రెంచిలోనే రాసినది కావడం వల్ల నాకు ఈ మెట్టు తప్పింది. ఎస్క్లార్మోంద కావాలన్న సభ్యురాలికి దక్షిణాది నుంచి వలస వచ్చిన వర్తకుని భార్య పాత్రను సూచించాను. ఆమె ఆలోచిస్తున్నారు.

కథల పేర్లను పూర్తిగా కొట్టిపారేయలేదు. వీరగాథలోని నేస్తాలైన రోలాన్, ఒలివియేల పేర్లను అన్నదమ్ములకు జంటగా పెట్టిన సందర్భాలు 11వ శతాబ్దం నుంచే పత్రాలలో ఉన్నాయి. కాకపోతే అది తల్లిదండ్రుల అభిరుచిని చూపే పేరు. నా పాత్ర కుటుంబం ఎలాంటిదో నేను ఇంకా తేల్చుకోలేదు కనుక అంత దూరం వెళ్లడం అనవసరం.

జనవరి

చివరి వడపోతలో జెహాన్న, అమెలీన, పెరొన్నెల మిగిలాయి. సంభావ్యత ఒక్కటే కొలత అయితే జెహాన్నకే ఓటు వేయాలి. అయితే వీధిలో ఇప్పటికే ఇద్దరు జెహాన్నలు చేరిపోయారు. అది చరిత్రకు అనుగుణమే అయినా, ప్రదర్శనలో పిలుచుకోవడానికి ఇబ్బంది.

పెరొన్నెల నాకు నచ్చడానికి కారణం దాని చుట్టూ ఉన్న ఆధారం దట్టంగా ఉండడం. పునీత పెత్రొనిల్లా లాటిన్ పేరు నుంచి వచ్చినది ఇది. ఆమెను పేతురు కుమార్తెగా అప్పటివారు నమ్మేవారు కనుక, పియెర్ పేరుకు ఆడరూపంగా కూడా ఇది వాడుకలో నిలిచింది. చిట్టాలో పేదల మధ్యా ఉంది, ఉన్నవారి మధ్యా ఉంది. ఒక శతాబ్దం తరువాత, పారిస్ లేఖకుడు నికొలా ఫ్లామెల్‌కు భార్యగా ఉండి 1397లో మరణించినామె పేరు పెర్నెల్. అంటే అదే పేరు వాడుకలో అరిగి పొట్టిదైంది. కనుక నా 1292 పాత్రకు పెర్నెల్ కంటే పెరొన్నెల అనే పొడవు రూపమే క్షేమమని నిర్ణయించాను.

అలాగని గుమాస్తా రాసిన రూపమే ఇంట్లో పిలిచిన రూపం కావాలని లేదు. దీనికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం దొరకదనిపించే సందర్భం 1431 ఫిబ్రవరి 21న రువాన్ నగరంలో నమోదైంది. జోన్ ఆఫ్ ఆర్క్ అని మనం పాఠ్యపుస్తకాలలో చదువుకున్న యువతిని న్యాయమూర్తులు మొదట పేరే అడిగారు. మా ఊళ్లో నన్ను జాన్నెత్ అనేవారు, ఫ్రాన్సుకు వచ్చాక జాన్ అంటున్నారు, ఇంటిపేరు సంగతి నాకు తెలియదు అని ఆమె చెప్పినట్లు రికార్డులో ఉంది. మరుసటి నెలలో, తన ఇంటిపేరు దార్క్ లేదా రొమే అనీ, తమ ప్రాంతంలో ఆడపిల్లలు తల్లి ఇంటిపేరు పెట్టుకుంటారనీ వివరణ చేరింది. ఆమె తల్లి ఇజబెల్ రొమే. 1429 నవంబరులో రియోం పట్టణవాసులకు పంపిన ఉత్తరం చివర మాత్రం ఆమె సంతకం ‘జెహాన్న’ అని ఒక్క పేరే. పల్లెలో ఒక రూపం, బయట ఒక రూపం, సంతకంలో ఏ తోకా లేని పేరు: ఒకే మనిషికి ఇవన్నీ ఏకకాలంలో నిజం. అందువల్ల నా పాత్రకు కూడా రెండు రూపాలు పెట్టాను. చిట్టాలో, ముద్రలో పెరొన్నెల, వీధిలో తోటివారి నోట పెరెత్. పియెర్‌ను పెరో, పెరాన్ అన్నట్లే, నికొలాను కొలాన్ అన్నట్లే, గిల్లోమ్‌ను గిల్లో అన్నట్లే ఇది ముద్దుపేరు.

ఫిబ్రవరి

రెండో భాగం మొదటిదానికంటే ఎక్కువ సమయం తీసుకుంది. తెలుగువారికి ఇంటిపేరు పుట్టుకతో వచ్చేది, పేరుకు ముందు నిలిచేది కనుక, మనం ఈ రెండో భాగాన్ని కూడా అలాగే ఊహించుకుంటాం. 1292 నాటి పారిస్‌లో అది ఇంకా అంత గట్టిపడలేదు. కొన్ని కుటుంబాలలో తండ్రి నుంచి కొడుక్కు దిగుతున్నా, చాలాచోట్ల అది గుమాస్తా ఒక జెహాన్‌ను మరో జెహాన్ నుంచి వేరుచేయడానికి రాసుకున్న గుర్తు. ఎక్కడి నుంచి వచ్చాడు, ఏం పని చేస్తాడు, చూడడానికి ఎలా ఉంటాడు, ఎవరి మనిషి అన్నవాటిలో ఏదో ఒకటి. బ్రెతాన్యు మనిషి, పికార్దీ మనిషి, లొంబార్దీ మనిషి, ఇంగ్లీషువాడు, ఎర్రజుట్టువాడు, చప్పిడిముక్కువాడు, చిన్నవాడు వంటివన్నీ అలా వచ్చినవే. ఆడవారి విషయంలో ‘చనిపోయిన ఫలానావాని భార్య’ అనే వరుస తరచుగా కనిపిస్తుంది. చాలామంది పడే భ్రమ ఒకటి ఇక్కడే చెప్పాలి: పేరు మధ్యలో ‘ద’ ఉంటే ప్రభువంశమని కాదు. పొంతువాజ్ నుంచి వచ్చిన చెప్పులు కుట్టే మనిషి కూడా ‘ద పొంతువాజ్’ అవుతాడు. రచయిత్రి క్రిస్తీన్ ద పిజాన్ ఇంటిపేరులోని పిజాన్ కూడా ఆమె తండ్రి కుటుంబం ఉన్న ఇటలీ పల్లె పిజ్జానో నుంచి వచ్చినదే.

నాకు ఊరు పెట్టాలా, పని పెట్టాలా అన్న సందేహం కొంతకాలం నడిచింది. ఊరు పెడితే ఆ ఊరి యాస, అక్కడి కుటుంబ కథ అన్నీ అల్లాలి, ప్రదర్శనకు వచ్చినవారు అడిగే ప్రతి ప్రశ్నకూ సమాధానం సిద్ధం చేసుకోవాలి. పని అయితే నా చేతిలోని కదురే సమాధానం చెబుతుంది. ‘లా ఫిలెరెస్స’, అంటే దారం తీసే ఆమె అనే వివరణ చిట్టాలోనూ వృత్తి నియమాలలోనూ నేరుగా దొరుకుతుంది. పట్టు అనే మాట కూడా చేర్చవచ్చు కానీ, ముద్ర చుట్టుకొలత ఒప్పుకోలేదు. అలా పెరొన్నెల లా ఫిలెరెస్స ఖాయమైంది.

ఈ నెలలోనే హ్యూగ్ అనే పేరు ఎంచుకున్న మిత్రునికి ఒక వ్యాకరణ సమస్య వచ్చింది. పాత ఫ్రెంచిలో నామవాచకాలకు రెండు విభక్తులుండేవి, ఒకటి కర్తకు, రెండోది మిగిలిన అన్నిటికీ. కొన్ని పురుషనామాలలో ఈ రెండూ వేర్వేరు మాటలన్నంత దూరం జరిగాయి. కర్త అయితే హ్యూగ్, కాకపోతే హ్యూగోన్ లేదా హ్యూఓన్. చార్ల్స్‌కు చార్లోన్, గీకి గీయోన్. ఆ భాషలో ‘రాజు కూతురు’ అనడానికి మధ్యలో ఏ పదమూ పెట్టకుండా రాజును రెండో విభక్తిలో పెడితే సరిపోయేది. కనుక ముద్ర మీద ‘ఫలానావాని ముద్ర’ అని ఫ్రెంచిలో చెక్కించాలంటే హ్యూగ్ అని కాక హ్యూఓన్ అనే చెక్కాలి. 13వ శతాబ్దం చివరికి ఈ తేడా సడలుతున్న మాట నిజమే కానీ, పాత పద్ధతి తెలిసిన చెక్కేవాడు అలాగే చెక్కుతాడని నా అభిప్రాయం. పెరొన్నెల వంటి స్త్రీ నామాలలో రెండు రూపాలూ ఒకటే కావడం నాకు కలిసొచ్చింది.

మార్చి

ఇప్పుడు చేతిపని. ఆ కాలపు ముద్రలు ఎక్కువగా ఇత్తడి వంటి రాగి మిశ్రమంతోనో సీసంతోనో చేసినవి. నార్మండీలో 13వ శతాబ్దపు రైతులు సైతం భూపత్రాలకు సొంత ముద్రలు వేసేవారు కనుక, కార్మికురాలికి ముద్ర ఏమిటన్న ప్రశ్నకు జవాబుంది. లోహం జోలికి పోయే ముందు నమూనా బలపపు రాతిలో తవ్వుతున్నాను. ముద్ర వ్యాసం 28 మిల్లీమీటర్లు. మధ్యలో ఎనిమిది రేకుల పువ్వు, దాని చుట్టూ అంచున అక్షరాల పట్టీ. వరుస చిన్న శిలువతో మొదలవుతుంది, తరువాత ముద్ర అనే మాటకు సంకేతంగా ‘ఎస్’ అక్షరం ఒక్కటి, ఆపైన పేరు.

లెక్క వేస్తే శిలువతో కలిపి ఇరవైమూడు స్థానాలు కావాలి. పట్టీ మధ్యగీత పొడవు సుమారు 75 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో అక్షరానికి మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. బలపపు రాయి మెత్తనిది, సన్నని గోడ నిలవదు. ఇక్కడ ఆ కాలపు లేఖకులే దారి చూపించారు. ‘పి’ అక్షరం కింది కాడకు అడ్డంగా ఒక గీత గీస్తే అది ‘పెర్’ అని చదువుకోవాలన్నది లాటిన్ రాతలోనూ ఫ్రెంచి రాతలోనూ నడిచిన సంక్షిప్త పద్ధతి. దాంతో రెండు అక్షరాలు మిగిలాయి. జంట ‘ఎన్’లలో ఒకదాన్ని పైన గీతతో సూచిస్తే మరొకటి తగ్గింది. ఇరవై స్థానాలకు వచ్చేసరికి అక్షరానికి దాదాపు మూడు ముప్పాతిక మిల్లీమీటర్లు దక్కాయి, అది సూది ఉలికి చాలు.

అక్షరాలన్నీ అద్దంలో చూసినట్లు తిరగేసి తవ్వాలి కనుక, పలచని కాగితం మీద రాసి, బోర్లించి, రాతికి అతికించుకున్నాను. ఆ కాలపు ముద్రలలో ‘ఇ’ (e) అక్షరం గుండ్రంగా, ముందువైపు ఒక నిలువు గీతతో మూసుకుని ఉంటుంది. నా పేరులో ఆ అక్షరం ఆరు చోట్ల వస్తుంది, అందులో ఒకటి ‘పెర్’ గుర్తులో కలిసిపోయినా ఐదు మిగిలాయి. గుండ్రని వంపును మొదట సన్నని రంధ్రాల వరుసగా గుచ్చి, ఆపైన వాటిని కలుపుతూ పోతే అంచు చిట్లడం లేదు. తేనెమైనంలో కొంచెం పైన్ బంక కలిపి కరిగించి, గోరువెచ్చగా ఉన్నప్పుడు నొక్కితే అక్షరాలు నిటారుగా లేచాయి. మైనం మరీ వేడిగా ఉంటే రాతికి పట్టుకుంటోంది, చల్లారితే ‘పి’ కాడ మీది అడ్డగీత పడడం లేదు. ఆ గీత పడకపోతే పేరు పెరొన్నెల కాదు కనుక, దాన్ని మరో వెంట్రుకవాసి లోతు చేయాలి.

పేరుకు సంబంధించిన ఆధారపత్రాన్ని బృందానికి సమర్పించాను. మొదటి భాగానికి 1292 చిట్టా, రెండో భాగానికి చిట్టాతో పాటు బువాలో రాయించిన వృత్తి నియమాలు, వీధి పిలుపుకు చిట్టాలలోని ముద్దుపేర్ల తీరు. ఆమోదం వచ్చింది. లోహపు ముద్ర పోత పోయించడానికి ముందు అడ్డగీత లోతు సరిచేసి, హ్యూఓన్ ముద్రకు కూడా ఇదే కొలతలో పట్టీ గీసి ఇవ్వాలి. ఆయన పేరు పొట్టిది కనుక, తన వృత్తిని పూర్తిగా రాసుకోవడానికి చోటుంటుంది.